పాప పేరున పూజ చేయించిన లీజు కారు

కొత్త కారు నిమ్మకాయల్ని తొక్కిన మర్నాడు ఉదయం, కూర్మారావు కూతురు చాందిని ఎడమ మోకాలి మీద మీటరు కనబడుతుంది. గుండ్రటి గాజుబిళ్ళ, దాని వెనక నల్లటి అంకెలు. పిల్ల మంచం దిగి బాత్రూమ్ దాకా నడిస్తే చివరి అంకె కొద్దిగా కదులుతుంది. తల్లి నూకరత్నం కొబ్బరినూనె రాసి రుద్దుతుంది, పోదు. సబ్బు పెట్టి తోముతుంది, ఇంకాస్త మెరుస్తుంది.

ఎందుకొచ్చిందో తెలుసుకోవడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. ఆ కారు కూర్మారావుది కాదు, లీజుకి తెచ్చింది. గడువు దాకా తోలుకుని కంపెనీకి అప్పగించెయ్యాలి. ఆ సంగతి వినాయకుడి గుడి ముందు, పక్క బళ్ళవాళ్ళు చెవులు రిక్కించి వింటుండగా చెప్పడానికి అతనికి నోరు రాలేదు. వాహనం ఎవరి పేరున అని పంతులుగారు అడిగితే, "పాప పేరున చేసీయండి" అన్నాడు. అప్పటికి పాప ఒక్కతే బండిలో స్టీరింగ్ పట్టుకుని కూర్చుని ఉంది. పంతులుగారు గోత్రం చదివి, పేరు చదివి, బానెట్ మీదా పిల్ల నెత్తి మీదా ఒకే గుప్పెడు అక్షింతలు చల్లారు. కూర్మారావు మొహమాటం అలాంటిది.

ఫోన్ చేస్తే కంపెనీ నుంచి మెహర్ ప్రసాద్ వస్తాడు. కారు తాళాలు అప్పగించింది అతనే. మంచి మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, పిల్ల చుట్టూ ఒకసారి తిరిగి, చెవుల వెనక చూసి, మోచేతులు తడిమి, అంతా సవ్యంగానే ఉందంటాడు. బండీ పాపా ఇప్పుడు ఒకే పేరున ఉన్నాయని, ఒకదాన్ని అప్పగించే రోజున రెండోదాన్నీ అప్పగించాలని చెబుతాడు. తిరగడానికి ఇన్ని కిలోమీటర్లే అని హద్దు ఉంటుంది. గీతలు పడకూడదు, సొట్టలు పడకూడదు, బండితో వచ్చిన భాగం ఒక్కటీ పోకూడదు, సొంతంగా మార్పులు చేయించకూడదు. ఇవన్నీ ముందే అడిగి తెలుసుకోవలసినవని కూడా అంటాడు, కాకపోతే నొప్పించకుండా అంటాడు.

గడువయ్యాక తామే కొనేసుకుంటామని కూర్మారావు గబగబా చెబుతాడు. మెహర్ ప్రసాద్ నేల చూపులు చూస్తాడు.

"ఆ రోజు షోరూమ్‌లో మిమ్మల్ని అడిగేను సార్, చివర్లో ఉంచుకుంటారా ఇచ్చేస్తారా అని. పాతదాన్ని పట్టుకుని వేలాడే మనుషులం కాదు, ఇచ్చేసి కొత్తది తీసుకుంటామన్నారు."

కూర్మారావు ఆ మాట అన్నాడు, నిజమే. పక్క టేబుల్ వాళ్ళకి వినబడాలని కొంచెం గట్టిగానే అన్నాడు. నూకరత్నం మొగుడికి ఇవ్వబోయిన టీ గ్లాసు వెనక్కి తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

ఆనాటి నుంచి కారు షెడ్డులోంచి కదలదు. అది తిరిగితే పిల్ల మోకాలి మీదా అంకెలు తిరుగుతాయి మరి. పిల్ల మాత్రం ఊరుకుంటుందా? తొక్కుడుబిళ్ళ ఆడుతుంది, మెట్ల మీద ఎగురుతుంది, ఐస్ బండి గంట వినబడితే సందు చివరిదాకా దౌడు తీస్తుంది. మీటరు గిర్రున తిరుగుతుంది. తొక్కుడుబిళ్ళ మాన్పిస్తారు. మెట్లు మాన్పిస్తారు. ఐస్ బండి ఆ సందులోకి రావడం దానంతటదే మానేస్తుంది.

ఎత్తుకుంటే మీటరు కదలదని కూర్మారావు కనిపెడతాడు. ఇక పిల్లని భుజాల మీద ఎక్కించుకుని దించడు. బడిలో వెనక బెంచీ మీద కూర్చుంటాడు, టీచరు ఇద్దరికీ హాజరు వేస్తుంది. ఆఫీసులో అతను పని చేసుకుంటుంటే, పిల్ల అతని నడినెత్తి మీద పుస్తకం పెట్టుకుని ఎక్కాలు రాసుకుంటుంది. తోటివాళ్ళు వచ్చి రంగు బాగుందంటారు, ఏ మోడలని అడుగుతారు. మెడ నొప్పి పెడుతుంది కానీ కూర్మారావు పైకి చెప్పడు. ఆ నొప్పి అతనికి ఇష్టం కూడా.

ఎత్తుకున్నంత మాత్రాన పెరగడం ఆగదు. గౌను పొట్టిదవుతుంది. ఇది మార్పు కిందికి వస్తుందా అని అడిగితే, ఇచ్చిన కొలతల్లోనే తిరిగి ఇవ్వాలని మెహర్ ప్రసాద్ ఫోన్లో మెత్తగా చెబుతాడు. ఆ పూట నూకరత్నం అన్నం ముద్దలు చిన్నవి చేసి పెడుతుంది. పెట్టి, తను తినలేక కంచం ముందు నుంచి లేచిపోతుంది. మర్నాడు నెయ్యి రెండింతలు వేస్తుంది.

ఒకరోజు పాలపన్ను ఊడుతుంది. నూకరత్నం ఆలోచించకుండా, వాళ్ళమ్మ చేసినట్టే, పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరేస్తుంది. విసిరాక గుర్తొస్తుంది, బండితో వచ్చిన భాగం ఒక్కటి కూడా పోకూడదని. కూర్మారావు పిల్లని మోసుకుంటూ మేడ ఎక్కుతాడు. పైన ఇంకో మేడ ఉంటుంది. అదీ ఎక్కితే, దాని మీద ఇంకోటి. అన్ని మేడల మీదా ఎవరెవరివో బట్టలు ఆరుతుంటాయి, పన్ను మాత్రం ఉండదు. కిందికి దిగివచ్చేసరికి అది ఒంటి మేడ ఇల్లే.

గడువు తీరుతుంది.

కంపెనీ వాళ్ళ యార్డు సముద్రం ఒడ్డున ఉంది. తిరిగొచ్చిన బళ్ళు బూడిదరంగు కవర్ల కింద వరసగా నిలబడి ఉంటాయి. కొన్ని కవర్లు మరీ చిన్నవి. కారుని మనుషులు తోసుకుపోతారు. మెహర్ ప్రసాద్ కూర్మారావు భుజాల మీదున్న పిల్ల మోకాలి దగ్గరికి తల వంచి అంకెలు చూస్తాడు. కొత్త పన్ను వచ్చింది కాబట్టి పన్ను సంగతి వదిలేస్తాడు. పెరగడం సంగతీ చూసీ చూడనట్టు ఊరుకుంటాడు.

"చాలా జాగ్రత్తగా వాడేరు సార్. ఇంత తక్కువ తిరిగిన పాపని నేనింతవరకు చూళ్ళేదు" అంటాడు, నిజంగా మెచ్చుకుంటూ.

ఆ మాటకి కూర్మారావు పిల్ల కాళ్ళని ఇంకాస్త గట్టిగా పట్టుకుంటాడు. నూకరత్నం అతని మొహం చూడలేక సముద్రం వైపు తిరుగుతుంది.

మనుషులు వచ్చి పిల్లని దించబోతే రాదు. ఇద్దరు పట్టి లాగినా రాదు. ఇన్నాళ్ళూ మోసీ మోసీ అక్కడే అతుక్కుపోయింది. కూర్మారావుకి ప్రాణం లేచివస్తుంది. అయితే తననీ తీసుకుపొమ్మంటాడు. సంతకం పెట్టిన మనిషి లీజులోకి రాడని మెహర్ ప్రసాద్ చెబుతాడు. మీరు అమర్చినవి మాత్రం బండితో పాటు వచ్చేస్తాయంటాడు.

"మేమేటి అమర్చేం?" అంటుంది నూకరత్నం.

మెహర్ ప్రసాద్ పెన్నుతో కూర్మారావు భుజాలు చూపిస్తాడు.

ఆ భుజాల స్క్రూలు నూనె వేసి విప్పుతారు. నొప్పేం పుట్టదు. అప్పుడు కూర్మారావు ఇన్నాళ్ళూ అననిది అంటాడు.

"అమ్మా, దిగీ. దిగి పరిగెట్టీ."

చాందిని కాళ్ళు ఇంకా దగ్గరికి ముడుచుకుంటుంది. మంచి పిల్ల, చెప్పింది మరిచిపోదు.

"మీటరు తిరిగిపోద్ది నాన్నా" అంటుంది.

అతని భుజాలు రెండూ ఆమెని మోసుకుంటూ, తొణక్కుండా, వరసల మధ్య నుంచి వెళ్ళిపోతాయి. చివర ఎక్కడో ఒక కవరు పైకి లేచి మళ్ళీ దిగుతుంది.

మొగుడూ పెళ్ళాలు నడిచి వెనక్కి వస్తుంటారు. చొక్కా నిలవడానికి చోటు లేక జారిపోతుంటే, కూర్మారావు దాన్ని పళ్ళతో పట్టుకుని నడుస్తాడు. బస్టాపు దాటాక నడిరోడ్డు మీద ఆగిపోతాడు. మెడకీ చేతులకీ మధ్యనున్న ఖాళీ మీద బరువు పడింది, వెచ్చగా, ఒక పక్కకి ఒరిగి. ఏమైందని నూకరత్నం అడుగుతుంది.

"పడుకుంది" అంటాడు, గొంతు తగ్గించి.

బస్సులు హారన్ కొట్టకుండా వాళ్ళ చుట్టూ తిరిగిపోతుంటాయి. సముద్రం వైపు నుంచి చల్లగాలి వస్తుంది. నూకరత్నం కొంగు విప్పి ఆ ఖాళీ మీద కప్పి, అంచులు సర్దుతుంది. కొంగు మెల్లగా లేస్తూ, మెల్లగా దిగుతూ ఉంటుంది.