బాకీ పడ్డ పహారా

వీణను కింద పెట్టి వెళ్లిపోతే దేవుడు నిజంగా కోపగించుకునేవాడా?

నాలుగేళ్లుగా ఇస్తారి మనసును ఈ ప్రశ్న తొలుస్తూనే ఉంది. నాగలి పట్టినప్పుడూ అదే, పత్తి ఏరేటప్పుడూ అదే, పొద్దున స్నానం చేసి విఠోబా పటం ముందు అగరుబత్తి వెలిగించినప్పుడూ అదే. ఎవరినీ అడగలేదు. అడిగితే, ఇప్పుడు నీకెందుకొచ్చింది ఆ అనుమానం అంటారు. దానికి జవాబు చెప్పే ధైర్యం అతనికి లేదు.

రాజురా పట్టణానికి మూడు కోసుల దూరంలో, వాగు ఒడ్డున డెబ్బై గడపల ఊరు వాళ్లది. తాతల కాలం నుంచి అక్కడే వ్యవసాయం చేసుకుంటున్న తెలుగువాళ్లు. పక్క ఊళ్ల మరాఠీ వాళ్లను చూసి నేర్చుకున్న ఆచారం ఒకటి ఆ ఊళ్లో ఉంది. ఏటా శ్రీరామనవమి నాడు గుడిలో నామ సప్తాహం మొదలవుతుంది. హనుమాన్ జయంతి దాకా ఏడు రోజులూ వీణ ఆగకుండా మోగాలి. వీణను మెడలో వేసుకున్న మనిషి నిలబడే ఉండాలి. కూర్చోకూడదు, వీణను నేలకు ఆనించకూడదు. రెండు గంటలకొకరు మారతారు. ఆ రెండు గంటల వంతునే పహారా అంటారు. తర్వాతి మనిషి వచ్చి కాళ్లకు మొక్కి, వీణను తన మెడలోకి తీసుకుంటేనే ముందున్న మనిషికి విడుదల.

ఆ సప్తాహాన్ని ముప్పై ఏళ్లు నడిపించినవాడు బాపురావు. ఇస్తారికి వరసకు అన్న. కలరా గత్తర వచ్చిన ఏడాది, సొంత ఇళ్లవాళ్లే ముట్టని శవాలను తాను కడిగి సాగనంపాడు. ఊళ్లో ఏ ఆడమనిషికి నొప్పులొచ్చినా ముందు బాపురావు బండి కట్టేవాళ్లు. మంచం పట్టిన తల్లికి ఆరేళ్లు తన చేత్తోనే అన్నం కలిపి పెట్టాడు. ఎక్కడ తిరిగినా దీపాలవేళకు ఇల్లు చేరి, బిడ్డ భూదేవిని పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించేవాడు. ఉర్దూ బాగా రాసేవాడు. నైజాం కాలంలో ఊరందరి అర్జీలూ అతని చేతి మీదుగానే పోయేవి.

ఒకరోజు లేచేసరికి రాజురా తాలూకా హైదరాబాదు రాష్ట్రంలో లేదు, బొంబాయి రాష్ట్రంలో ఉంది. అప్పటిదాకా ఆదిలాబాదులో ఉన్న కచేరీ పని నాందేడుకు మారింది. మూడేళ్లు తిరక్కముందే తాలూకాను అక్కడి నుంచి తీసి చాందాలో కలిపారు. ఇప్పుడు చంద్రపూర్ అంటున్నది ఆ చాందానే. ఊళ్లో తెలుగు బడి చెప్పే రామనాథం పంతులును ఆదిలాబాదు వాళ్లు వెనక్కి పిలిచారు. బాపురావు బడి మూయనివ్వలేదు. పొద్దున రెండు గంటలు తనే పాఠం చెబుతూ, మిగతా రోజంతా కాగితాలు పట్టుకుని తిరిగాడు. ఆదిలాబాదులో అడిగితే ఫైలు నాందేడు పోయిందన్నారు. నాందేడులో అడిగితే చాందా పంపామన్నారు. చాందాలో అంతా మరాఠీ. జీవితమంతా ఊరికి అర్జీలు రాసిన మనిషి, అక్కడి గుమాస్తా ముందు చేతులు కట్టుకుని, ఈ కాగితంలో ఏముందో చదివి చెప్పమని బతిమాలాడు. ఇంటికొచ్చి భార్యతో అన్నాడట, "సారక్కా, నేను ఏలిముద్ర ఏసే నిశానోన్నయిపోయిన."

చివరికి చాందా వాళ్లు ఒక మాట చెప్పారు. ఇరవై మంది పిల్లల పేర్లతో, తల్లిదండ్రుల వేలిముద్రలతో జాబితా తెస్తే పంతులును వేస్తామన్నారు. గడువు కూడా పెట్టారు. సప్తాహంలో ఐదో రోజు సాయంత్రం లోపల జాబితా అందాలి. బాపురావు ఊరంతా తిరిగి లెక్కపెడితే సరిగ్గా ఇరవై మంది తేలారు. ఇరవయ్యో పేరు ఇస్తారి కొడుకు చిన్నయ్యది.

ఆ రోజు బాపురావు పహారా పది నుంచి పన్నెండు. తర్వాతిది ఇస్తారిది. పన్నెండుకు వీణ ఇచ్చేసి, బండి మీద స్టేషన్‌కు పోయి మధ్యాహ్నం ప్యాసింజర్ పట్టుకోవాలని బాపురావు ఆలోచన. పన్నెండయింది. ఇస్తారి రాలేదు. ఒంటిగంట అయింది, రాలేదు. మిగతావాళ్లంతా వంటల దగ్గర, మంచె దగ్గర, ఎవరి పనుల్లో వాళ్లున్నారు. బాపురావు నిలబడే ఉన్నాడు. రెండింటికి ఎల్లన్న వచ్చి వీణ అందుకున్నాడు. అప్పుడే ఇస్తారి కూడా గుడి మెట్లెక్కాడు.

"బండి ఇరుసు ఇరిగిందే అన్నా," అన్నాడు, తల వంచుకుని.

బాపురావు జేబులో జాబితా తడుముకుంటూ, చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ నవ్వాడు. "ఒక పహారా బాకీ పడ్డవురా ఇస్తారీ. యాదికుంచుకో."

అదే ఆఖరి మాట. ప్యాసింజర్ వెళ్లిపోయింది. బాపురావు మండుటెండలో వార్ధా నది ఇసుకలోంచి నడిచి అవతల పడ్డాడు. అక్కడి నుంచి చాందా చేరేసరికి దీపాలు పెట్టారు. ఆఫీసు మూసి ఉంది. ఆ గోడ పక్కనే పడిపోయాడు. వడదెబ్బ అన్నారు. మర్నాడు దవాఖానాలో పోయాడు. శవం ఊరికి వచ్చేసరికి ఏడో రోజు. గుడిలో ఉట్టి కొట్టి, పెరుగు అటుకుల ప్రసాదం పంచి వీణ దించేదాకా చావు ఊళ్లోకి రాకూడదు. అందుకని బండిని పొలిమేరలో ఆపారు. ముప్పై ఏళ్లు ఆ సప్తాహం నడిపించిన మనిషి, అది ముగిసేదాకా చింతచెట్టు కింద బండి మీద పడుకుని ఎదురుచూశాడు. నెల తిరగకముందే మహారాష్ట్ర రాష్ట్రం ఏర్పడిందని రాజురాలో మిఠాయిలు పంచారు. బడి తలుపులు మళ్లీ తెరవలేదు.

ఆ ఏటి నుంచి ఇస్తారి సప్తాహానికి రెండు కుంచాల జొన్నలు పంపుతాడు. తాను మాత్రం గుడి మెట్లెక్కడు.

ఈ ఏడాది సప్తాహంలో ఐదో రోజు పొద్దున అతను వాకిట్లో కూర్చుని పగ్గం పేనుతుంటే, సారక్క వచ్చి గడప బయటే నిలబడింది. బాపురావు పోయాక ఆమె ఈ ఇంటికి రావడం ఇదే మొదలు.

"లోపలికి రా అక్కా, నీళ్లు తాగు," అంది ఇస్తారి భార్య గంగవ్వ.

"తాగనీకి రాలే చెల్లె. ఇస్తారీ, నీతోని పనుండి వచ్చిన."

ఇస్తారి లేచి నిలబడ్డాడు. "చెప్పు వదినె."

"పది గంటలకు వీణె కింద పెడుతరట. నాలుగేండ్ల సంది ఆయన పహారా రాజం నిలవడుతుండె. పోయిన నెల ఇల్లు సర్దుకొని బల్లార్షా గనికి పోయిండు. ఇగ పన్నెండింటిది నీది ఉండనే ఉన్నది, దానికీ దిక్కులేదు. ఉన్నోళ్లు ఐదుగురే. ఒక్కొక్కడు రోజుకు రెండు మూడు నిలవడి కాళ్లు వాచి కూసున్నరు. ఎల్లన్న పొద్దుగాల్నుంచి అట్లనే ఉన్నడు. ఈసారి కింద పెడితే ఇగ ఎవ్వరూ ఎత్తరు."

"నీ మెడలనే ఎయ్యొచ్చు గద అక్కా," అంది గంగవ్వ.

"ఆడోళ్లకు ఇయ్యరు. కొడుకుంటే వాని మెడల ఏస్తుండిరి. అది కూడ లేకపాయె."

ఇస్తారి చేతిలో పగ్గం జారింది. నాలుగేళ్లుగా దాచుకున్నది ఆ క్షణాన బయటకు వచ్చింది.

"వదినె, ఆ పొద్దు ఇరుసు ఇరగలె."

సారక్క అతని ముఖంలోకి చూసింది.

"చిన్నయ్యను రాజురల మరాఠి బడిల ఏసొచ్చిన. ఆ పొద్దే పేర్లు రాస్తరని పెద్దపంతులు కబురు పెట్టిండు. నేను పోయేసరికి వరుస కట్టి ఉన్నరు. అన్న జేబుల కాయితం మీద ఇరవై పేర్లుండె గద. నేను ఆడ సంతకం పెట్టినంక ఇవతల పందొమ్మిదే. అన్న పట్టుకపోయింది అబద్ధపు కాయితం. అది పట్టుకొనే ఎండల నడిసిండు."

గంగవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అన్నకు తెల్సా?" అన్నాడు ఇస్తారి.

"నాకేం చెప్పలె. తెల్సో లేదో నేనెట్ల చెప్తా?"

"నేను యాళ్లకొస్తే బతుకునా వదినె?"

"ఏమో ఇస్తారీ. నువ్వొస్తే రైలు దొరుకునో లేదో. దొరికినా వాళ్లు ఇనేటోళ్లో లేదో. ఆయనే ఒకనాడు పండుకొని అన్నడు, 'రేపు ఈ పోరగాండ్లకు మరాఠీనే కూడు పెడుతది, నేను తెలుగు తెలుగు అని వాళ్ల నోట్ల మన్ను కొడుతున్ననేమో' అని. తెల్లారి లేసి మళ్ల కాయితాలు పట్టుకొని పోయిండు. ఎందుకు పోయిండో నాకు సమజ్ కాలె." ఆమె గుడివైపు ఒకసారి చూసింది. "నిన్ను మాఫ్ చేయనీకి నేను రాలే. తిట్టనీకి రాలే. పది కొడుతది. వస్తవా, రావా?"

ఇస్తారి బావి దగ్గర రెండు బిందెలు నెత్తిన పోసుకుని, తడిబట్టతోనే గుడికి నడిచాడు.

ఎల్లన్న స్తంభానికి వీపు ఆనించకుండా, ఆనించినట్టు కనిపించేలా నిలబడి ఉన్నాడు. కాళ్లు కుండల్లా ఉబ్బాయి. ఇస్తారిని చూసి, నామం మధ్యలోనే పళ్లికిలించాడు.

"వచ్చినవా? నాలుగేండ్లకు ఇరుసు అతికిందా?"

ఇస్తారి వంగి ఆ వాచిన కాళ్లకు మొక్కాడు.

"జెర మెల్లగ ముట్టరా. వీణె కన్న ముందు నేనే పడేటట్టున్న."

వీణ ఇస్తారి మెడలోకి వచ్చింది. గోడ గడియారం పది కొట్టింది. అది బాపురావు ఆదిలాబాదులో కొని, నెత్తి మీద పెట్టుకుని తెచ్చిన గడియారం. దాని పక్కన అట్ట మీద అంటించిన పహారాల కాగితం ఉంది. నాలుగేళ్ల కిందటి కాగితం అది. అందరి పేర్లూ తెలుగులో బాపురావు చేతిరాతలో ఉన్నాయి. పహారా ముగిసిన ప్రతి గడిలో ఒక కుంకుమ బొట్టు పెట్టడం ఆచారం. ఐదో రోజు, పన్నెండింటి గడి ఒక్కటే ఖాళీ. తర్వాత ఏళ్లలో ఎవరో మరాఠీలో కొత్త కాగితాలు రాసి అంటించారు, చింపారు. దీన్ని మాత్రం సారక్క తీయనివ్వలేదు.

ఇస్తారి తీగ మీటుతూ నామం చెబుతూ నిలబడ్డాడు. గుడి తలుపులోంచి పాత బడి కనిపిస్తుంది. కప్పు సగం పోయింది. లోపల ఎవరిదో జొన్నచొప్ప కుప్ప. చిన్నయ్య ఇప్పుడు మరాఠీ గడగడా చదువుతాడు. ఎదురుగా ఉన్న ఈ కాగితంలో తండ్రి పేరు చూపిస్తే, ఇదేం లిపి అని అడుగుతాడు. అందులో వాడి తప్పేం లేదు. మరి తప్పెవరిది? దేవుణ్ని అడుగుదామంటే నామం ఆపకూడదు.

పన్నెండు కొట్టింది.

ఎవరూ రాలేదు. వచ్చేవాళ్లెవరూ లేరని ఇస్తారికి తెలుసు, ఈ వంతు తనదే. అయినా తల దానంతట అదే తలుపువైపు తిరిగింది. మెట్ల మీద ఎవరిదో అడుగు చప్పుడైతే గుండె లేచింది. ఎవరో ముసలమ్మ, నీళ్ల బిందెతో దాటిపోయింది. కాసేపటికి మళ్లీ తల తిరిగింది.

భుజం నరాలు లాగుతున్నాయి. మడమలు మండుతున్నాయి. ఎదురుగా పీట ఉంది, పీట మీద బట్ట ఉంది. పెట్టి పోవచ్చు. ఎవరూ చెయ్యి పట్టుకుని ఆపరు. ఆ రోజు బాపురావునూ ఎవరూ ఆపలేదు. అతనూ ఇలాగే తలుపు చూశాడు. ఇస్తారి వస్తున్నాడు, మూలమలుపు దగ్గరికి వచ్చి ఉంటాడు, ఇంకో నాలుగు నామాలు చెప్పేలోపు వచ్చేస్తాడు అనుకున్నాడు. అలా అనుకుంటూనే రెండు గంటలు నిలబడ్డాడు. దేవుడికి భయపడి కాదు. నాలుగేళ్లుగా ఇస్తారి దేవుడి గురించి అడుగుతున్నాడు. అడగాల్సింది అది కాదు.

అతని గొంతులో నామం తడబడింది. ఆగలేదు. కళ్ల వెంట కారేది తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

రెండింటికి ఎల్లన్న, కాళ్లకు వేపాకు పసుపు పట్టించుకుని, కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఈసారి హాస్యం ఆడలేదు. మొక్కడానికి వంగలేక వంగి, వీణ తీసుకున్నాడు.

ఇస్తారి గోడకు జారగిలబడ్డాడు. సారక్క ఆడవాళ్ల వైపు నుంచి లేచి వచ్చి చెంబు నీళ్లు అతని ముందు పెట్టింది. అతను తల ఎత్తి చూశాడు. ఏదో ఒక మాట కోసం చూశాడు. ఆమె అతనివైపు చూడలేదు. భరిణెలో వేలు అద్ది, గోడ దగ్గరికి వెళ్లి, ఆ ఖాళీ గడిలో కుంకుమ బొట్టు పెట్టింది. తర్వాత కొంగుతో దుమ్ము తుడిచి, మేకుల నుంచి ఆ అట్టను విడదీసింది.

"నీ పహారా తీరింది," అంది. "ఇగ ఇది నేను ఇంటికి పట్టుకపోత."

అట్టను చంకలో పెట్టుకుని, ఎండలోకి దిగి వెళ్లిపోయింది. గోడ మీద అది ఉన్నచోట సున్నం తెల్లగా, నలుచదరంగా మిగిలింది.