చిగుళ్ళ మీద తేనె

నాలుగో కుక్కపిల్లకు మూతి తుడిచి, ఐదోదాని కోసం చెయ్యి చాపిన చిట్టక్కకు చేతికి ఏమీ తగల్లేదు. మిగతావన్నీ గిన్నె చుట్టూ తోసుకుంటూ, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, నానబెట్టిన తిండిలో ముక్కులదాకా మునిగి ఉన్నాయి. ఐదోది మాత్రం తొట్టి మూల గుడ్డ మడతలో ఒదిగి పడుకుని ఉంది. కొనుక్కునేవాళ్ళే పేరు పెట్టుకుంటారు గనక ఆ ఇంట్లో పిల్లలకు పేర్లుండవు. కానీ దీన్ని చిట్టక్క మనసులో పిసరు అనుకునేది. పుట్టినప్పుడు అంతే ఉంది. ఇప్పటికీ అరచేతిలో పెట్టుకుంటే వేళ్ళు మిగులుతాయి.

ఎత్తి నేల మీద నిలబెట్టింది. ముందుకాళ్ళు నిలిచాయి. వెనక కాళ్ళు మాత్రం తాగినవాడి కాళ్ళలా చెరో వైపుకు జారిపోయాయి. చెవులు చల్లగా తగిలాయి. పెదవి పైకి లేపి చూస్తే చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి. తల సన్నగా, ఆగకుండా వణుకుతోంది.

చిట్టక్క కంగారు పడలేదు. కిటికీలో ఉన్న తేనె సీసా తెచ్చి, వేలికొన ముంచి, దాని చిగుళ్ళ మీద రాసింది. నోట్లో పోయలేదు. మింగే తెలివి లేనప్పుడు పోస్తే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. పిల్లను తువాలులో చుట్టి, వేడినీళ్ళ సీసాకు ఇంకో గుడ్డ చుట్టి పక్కన ఆనించి, మొత్తాన్నీ ఒళ్ళో పెట్టుకుని గోడకు చేరగిలబడింది. మళ్ళీ వేలు ముంచింది. మళ్ళీ రాసింది. కాసేపటికి నాలుక కొస బయటికొచ్చి వేలిని తాకింది. అప్పుడు లేచి, తిండిని జావలా కలిపి, చెంచా కొసతో కొంచెం కొంచెంగా నాకించింది.

ఈ పని ఆమెకు నేర్పింది ఇంటావిడే. ముద్దుకోసం పెంచుకునే ఈ బుల్లి కుక్కల్ని ఇంటి వెనక రెండు గదుల్లో పెంచి అమ్ముతుందావిడ. చిట్టక్క పనిలో చేరిన కొత్తలోనే కూర్చోబెట్టి చెప్పింది: ఇంత చిన్న ఒంట్లో దాచుకోవడానికి చోటుండదు, ఒక్కపూట తినకపోయినా, చలి తగిలినా, ఎవరైనా తెగ ఆడించినా రక్తంలో చక్కెర పడిపోతుంది, అందుకే రోజంతా కొంచెం కొంచెంగా పెడుతూనే ఉండాలి అని. నిద్రపోతోందిలే అని వదిలేస్తే ఇక లేవదు అని కూడా చెప్పింది. చిట్టక్క తలూపింది. ఆ చివరిమాట ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

తనకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ పనికి వెళ్తూ నెలల తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టి వెళ్ళింది. వాడు ఆ రోజు పాలు తాగలేదు. ఏడవనూ లేదు. పేచీ పెట్టకుండా పడుకున్నాడని సంబరపడి, కాళ్ళ మీద వేసుకుని ఊపుతూ కూర్చుంది. పక్కింటి పిల్లలు ఆటకు పిలిస్తే, తమ్ముడు లేస్తాడని వేలు నోటి మీద పెట్టి చూపింది. అమ్మ వచ్చి గుడ్డ తొలగించి చూసేదాకా ఊపుతూనే ఉంది. "ఏం పెట్టావే వీడికి?" అని అమ్మ ఒక్కమాట అడిగింది. ఏమీ పెట్టలేదు. అదే జవాబు. అమ్మ మళ్ళీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు, తిట్టనూ లేదు. కాలికి తిమ్మిరెక్కితే కాసేపటికి వదులుతుంది. ఆ రోజు చిట్టక్క లోపల ఎక్కిన తిమ్మిరి మాత్రం వదల్లేదు.

ఆ తర్వాత పుట్టినవాళ్ళను పెంచింది. వాళ్ళు పెద్దయ్యాక చెల్లెలి కవలల్ని పెంచింది. మంచాన పడ్డ అమ్మకు చివరిదాకా చెంచాతో పట్టింది. పెళ్ళి మాట ఒకటి రెండుసార్లు వచ్చి, ఇంట్లో పనులకు అడ్డమని ఆగి, తర్వాత దానంతటదే రావడం మానేసింది. తమ గిన్నెలో తాము తినడం రాగానే ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదనే ఆమె అనుకుంటుంది. నోట్లో నాలుక లేని మనిషని చుట్టాలంతా మెచ్చుకునేవారు.

ఇంటావిడ మోకాళ్ళకు మందు రాసుకుని వెనక గదిలోకి వస్తే, పిసరు మళ్ళీ పడిపోయిందని చెప్పింది. ఈ వారంలో ఇది కొత్త కాదు. అంతకుముందు తిననందుకు పడింది. ఇవాళ తెల్లారి తిని కూడా పడింది. ఆవిడ పిల్లను ఎత్తి, చిగుళ్ళు చూసి, లేచిందిగా అంది. మధ్యాహ్నం దాన్ని తీసుకెళ్ళడానికి వస్తున్నారు, మిగతా నాలుగూ వేరేవాళ్ళకు మాటిచ్చినవి, ఎలా చూసుకోవాలో వివరంగా చెప్పి పంపిద్దాం అంది. చిట్టక్క తొట్టిలో గుడ్డలు మార్చింది.

మధ్యాహ్నం వచ్చింది ఒక తండ్రి, అతని కూతురు. ఆ పిల్లకు తొమ్మిదేళ్ళుంటాయేమో. ముందుగదిలో కుర్చీ ఖాళీగా ఉన్నా నేల మీదే కూర్చుని, రెండు అరచేతులూ కలిపి చాపింది. చిట్టక్క పిసరును అందులో పెట్టింది. ఇంటావిడ జాగ్రత్తలేవీ దాచలేదు. తరచూ తిండి పెట్టాలనీ, వెచ్చగా ఉంచాలనీ, ఎక్కువ ఆడించకూడదనీ, తూలినా వణికినా తేనె రాసి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలనీ చెప్పింది. పడిపోతూ ఉందని మాత్రం చెప్పలేదు. తండ్రి శ్రద్ధగా విన్నాడు.

కూతురు కుక్కపిల్లను చూస్తూనే అడిగింది, "లేవకపోతే నేను తేనె రాస్తాను. రాసినా లేవకపోతే?"

ఇంటావిడ నవ్వి, ఎందుకు లేవదమ్మా అంది. కానీ ఆ పాప అడిగింది ఆవిణ్ణి కాదు. చిట్టక్క వైపే చూస్తోంది. చిట్టక్క తలుపు దగ్గర తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"దీన్ని ఇప్పుడు ఇవ్వొద్దమ్మా," అంది. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. "ఈ వారమంతా పడుతూ లేస్తూ ఉంది. ఇవాళ తిని కూడా పడింది. డాక్టరు చూడాలి."

తండ్రి లేచాడు. కోపమేమీ తెచ్చుకోలేదు. బాగయ్యాక కబురు చెయ్యండి అన్నాడు. కూతురు కుక్కపిల్లను తిరిగి ఇవ్వడానికి చాలాసేపు పట్టింది. ఇచ్చాక, వచ్చేసరికి నా వాసన గుర్తుంటుందా అని అడిగింది. ఉంటుందని చిట్టక్క చెప్పింది.

ఇంటావిడ గుమ్మం తలుపు మూసింది. ఆ తర్వాత కారు తాళాలు తీసుకుని, డాక్టరు దగ్గరికే పోదాం పద అంది.

దారిలో ఎండ మాడ్చేస్తోంది. వెనక సీటులో చిట్టక్క ఒళ్ళో తువాలు మూట పెట్టుకుని కూర్చుంది. సగం దారిలో పిసరు కాళ్ళు బిగదీసుకుని కొట్టుకుంది. తేనె రాసింది. కొట్టుకోవడం ఆగింది. మళ్ళీ రాసింది. ఎర్రదీపం దగ్గర కారు ఆగినప్పుడు మరోసారి రాసి, నాలుక కోసం వేలు అక్కడే ఉంచి చూసింది. పక్కన ఒక లారీ, దాని వెనక ఐసు బండి. పచ్చదీపం పడింది. చిట్టక్క వేలు తీసి కొంగుకు తుడుచుకుంది. తువాలు అంచు సర్దింది. కాళ్ళు ఊపలేదు.

"ఎలా ఉంది?" ముందుసీట్లోంచి ఇంటావిడ అడిగింది.

"వెచ్చగానే ఉందమ్మా."

డాక్టరమ్మ బల్ల మీద తువాలు విప్పి, గుండె దగ్గర గొట్టం ఆనించి, ఎంతసేపయింది అని మెల్లగా అడిగింది. ఎర్రదీపం దగ్గర అని చిట్టక్క చెప్పింది. ఇంటావిడ తిరిగి చూసింది.

"చెప్పలేదేం?"

"మీరు బండి నడుపుతున్నారు."

తిన్నా చక్కెర నిలవట్లేదంటే లోపం తిండిలో కాదు, పుట్టుకతోనే కాలేయంలో ఏదో ఉండి ఉంటుంది అని డాక్టరమ్మ చెప్పింది. మీరు చెయ్యాల్సిందంతా చేశారు అని కూడా అంది. ఆ మాట చిట్టక్క విన్నది. ఒకప్పుడు ఎవరైనా అని ఉంటే దాన్ని ఎక్కడ పెట్టుకునేదో ఏమో, ఇప్పుడు పెట్టుకోవడానికి చోటు కనిపించలేదు. పిసరును డాక్టరమ్మ దగ్గరే వదిలి, తువాలు మడతపెట్టుకుని బయటికి నడిచింది.

ఇంటి మలుపు తిరిగాక ఇంటావిడ అంది, "నువ్వు ఊరుకుని ఉంటే వాళ్ళింట్లో పోయేది."

అది నిష్ఠూరమో, మరేమిటో ఆవిడ గొంతులో తేలలేదు.

"ఆ పాప ఒళ్ళో పోయేదమ్మా."

 ఇంటావిడ ఇంటి ముందు కారు ఆపి, స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుంది. చిట్టక్క దిగి లోపలికి వెళ్ళింది. నాలుగు పిల్లలు ఆకలికి తొట్టి గోకుతున్నాయి. చేతులు కడుక్కుని, గోరువెచ్చని నీళ్ళలో తిండి నానబెట్టి, ఒక్కొక్కదాన్నీ గిన్నె దగ్గరికి చేర్చింది. తిన్నాక ఒక్కొక్కదానికీ చెవులు తాకి చూసింది, చిగుళ్ళు చూసింది. నాలుగోదానికి మూతి తుడిచాక చెయ్యి మళ్ళీ తొట్టిలోకి వెళ్ళింది. కాస్త ఆగి వెనక్కి తీసుకుంది.

ఆ తర్వాత చీపురు తీసుకుని ముందుగది ఊడవడానికి వచ్చింది. ఇందాక ఆ పాప కూర్చున్న చోట, కుర్చీ కోడుకు ఆనుకుని ఒక దిండు పడి ఉంది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, పిసరు తలకు సరిపోయేంతది, దూది ఎక్కువ కూరినందుకు ఒక పక్క ఉబ్బి, వంకరటింకర కుట్ల చివర ముడి వెయ్యని ఎర్రదారం బయటికి వేలాడుతోంది.