కిటికీ గట్టు మీద సీసా

నీలం... గాజు గొట్టంలో చిక్కటి నీలం. బాలానగర్‌లోని ఓ అద్దకం షెడ్డు నుంచి తెచ్చిన మురుగునీరు.

ఉమాశ్రీ చూస్తుండగానే నీలం పలచబడింది. తేటపడింది.

అది ఆమె చేసింది కాదు. సుష్మ చేసింది.

రంగును విరిచేది ఎంజైమ్. దాన్ని జారిపోకుండా పట్టి ఉంచాల్సింది కాటుకలాంటి కార్బన్ పొడి. నానక్‌రామ్‌గూడ అద్దాల మేడలో, ఆరో అంతస్తు ల్యాబులో, ఉమాశ్రీ మూడేళ్లు ఆ రెండింటినీ కలపాలని చూసింది. నాలుగుసార్లు కడిగితే చాలు — ఎంజైమ్ కొట్టుకుపోయేది.

సుష్మ అనంతపురం నుంచి వచ్చి ఆర్నెల్లే. కంటికి ఆననంత సన్నటి గూళ్లున్న కార్బన్ తయారుచేసింది. ఎంజైమ్ వెళ్లి ఆ గూళ్లలో కూర్చుంది. ఇరవైసార్లు కడిగినా కదల్లేదు.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఉమాశ్రీయే. అరచేతులు మండాయి... లోపల ఇంకేదో మండింది.

"అంతా నీ దగ్గర నేర్చుకున్నదే కదక్కా," అంది సుష్మ.

నిజమే. అందుకే ఓర్చుకోలేకపోయింది.

మే నెల, శుక్రవారం మధ్యాహ్నం. ఊరి బస్సుకు టైమవుతోందని సుష్మ హడావిడిగా వెళ్లిపోయింది. ఎంజైమ్ పట్టించిన ఆ పొడి ఉన్న ఒక్క సీసా కిటికీ గట్టు మీదే మరిచిపోయింది. ఎండ నేరుగా దాని మీదే. వేడికి ఎంజైమ్ చచ్చిపోతుందని ఆ పిల్లకు నేర్పింది కూడా ఉమాశ్రీయే.

ఫ్రిజ్ రెండడుగుల దూరం.

రెండడుగులే.

ఉమాశ్రీ చూసింది... తల తిప్పుకుంది. సాయంత్రం షేర్ ఆటో ఎక్కి ఇంటికి పోయింది. రెండు రోజులూ అన్నం సయించలేదు. అయినా తిరిగి వెళ్లలేదు.

సోమవారం సుష్మ సీసాను చూసి బావురుమంది. ఏడుస్తూనే చిటికెడు పొడి తీసి నీలం నీళ్లలో వేసింది.

నీళ్లు తేటపడ్డాయి. మునుపటిలాగే. గూళ్లలో ఒదిగిన ఎంజైమ్‌ను ఎండ చంపలేకపోయింది.

ల్యాబ్ పెద్ద రామచంద్రం పరుగున వచ్చాడు. "ఏంది, మూడు దినాలు ఎండల ఉండి గూడ పని చేస్తుందా? గిట్లయితే ఫ్రిజ్ ఫికరే లేదు ఇగ. ఏ షెడ్డుకైనా పంపొచ్చు!"

ల్యాబంతా సుష్మ చుట్టూ మూగింది. ఆ పిల్ల అందరినీ తప్పించుకుని వచ్చి ఉమాశ్రీని వాటేసుకుంది.

"నువ్వు చూడకపోవడమే మేలయిందక్కా. చూసింటే ఎత్తి లోపల పెట్టుండేదానివి."

ఉమాశ్రీ కళ్లు కిటికీ గట్టు మీదికి పోయాయి.

అక్కడే ఆగాయి.

సుష్మ చేతులు వీపు చుట్టూ బిగుసుకున్నాయి. ఉమాశ్రీ చేతులు మాత్రం... ఇంకా గాలిలోనే —