సందు మొగన మనిషి లేడు

పెద్దకోడలు నా దుకాణం ముందే చచ్చిపోయింది. పొద్దున పది దాటింది. నేను ఒక బేరగాడికి తలుపు మడతబందులు పొట్లం కడుతున్నాను. ఆ పొట్లం సంగతి కూడా ఈ లెక్కలో ఉంది, చెబుతాను.

మా రోడ్డు సగం తవ్వేశారు. మిగిలిన సగంలో ఒక్క వరస బండ్లే పడతాయి. మధ్యలో మలుపు ఉంది, ఈ చివర నిలబడ్డవాళ్లకు ఆ చివర కనిపించదు. ఈ చివర పెద్దకోడలు, ఆ చివర చిన్నకోడలు ఎర్ర జెండా, పచ్చ జెండా పట్టుకుని నిలబడేవారు. ఒకే ఇంటి తోడికోడళ్లు గనక పనిలో అందరూ వాళ్లను అలాగే పిలిచేవారు. వాళ్లకు వాకీటాకీలు ఇవ్వలేదు. పచ్చరంగు పూసిన కర్ర ఒకటి ఇచ్చారు. వదిలిన బండ్లలో ఆఖరివాడి చేతికి ఆ కర్ర ఇవ్వాలి. వాడు అవతల అప్పగించాలి. కర్ర చేతికొచ్చిందంటే దారి ఖాళీ అయిందని అర్థం, అప్పుడు అవతలి బండ్లను వదలాలి. తెలివైన పద్ధతే, మధ్యలో సందు లేకపోతే.

సందు ఉంది. నా దుకాణం పక్కనే.

ఆ రోజు చిన్నకోడలు దగ్గర కర్ర తీసుకున్న మోటారుసైకిలువాడు ఈ చివరి దాకా రాకుండా సందులో ఉన్న తన ఇంటికి తిరిగిపోయాడు. నేను చూశాను. కర్ర వాడి చంకలోనే ఉంది. కేకేద్దామనుకున్నాను. పొట్లం కట్టడం అయ్యాక కేకేద్దామనుకున్నాను.

ఈ చివర పెద్దకోడలు కర్ర కోసం చూస్తోంది. వెనక హారన్లు. సూపర్‌వైజరు వచ్చాడు. నోట్లో ఎప్పుడూ ఈల ఉంటుంది గనక వాణ్ణి ఈలాయన అంటారు.

“ఏంటమ్మా, రోడ్డు మీ పుట్టింటివాళ్లు రాసిచ్చారా? వదులు!”

“కర్ర రాలేదు సార్.”

“కర్ర రాకపోతే కంకర ఆగాలా? జరుగు పక్కకి!”

ఈల ఊది టిప్పర్‌ను తనే లోపలికి తోలాడు.

సరిగ్గా అప్పుడే మోటారుసైకిలువాడికి చంకలో కర్ర గుర్తొచ్చింది. సందులోంచి ఆ చివరికి పోతున్న ఆటోవాడికిచ్చి పంపాడు. చిన్నకోడలు కర్ర అందుకుంది. కర్ర వచ్చింది, అవతలంతా ఖాళీ అనుకుంది. పచ్చ జెండా ఎత్తి బస్సును వదిలింది.

పెద్దకోడలు టిప్పర్ వెనక పరుగెత్తింది. “బాబాయ్, ఆపు! కర్ర రాలేదు, ఆపు!” మలుపులో బస్సు ఎదురైంది. టిప్పర్ డ్రైవరు కంగారుగా రివర్సు వేశాడు. వెనక ఇనుప అడ్డుగోడ. ఆ రెంటి మధ్య ఆమె.

సాయంత్రం నేను కూలీల షెడ్డుకు వెళ్లాను. కాంట్రాక్టరే అక్కడికి వచ్చాడు. చేతిలో కాగితం. “మృతురాలు అజాగ్రత్తగా వాహనం వెనక పరుగెత్తినందున” అని అందులో ఉంది. “వేలిముద్ర వేసినవాళ్లు రేపు పనిలోకి రండి. వెయ్యనివాళ్లు మూట సర్దుకోండి” అని చెప్పి కారులో కూర్చున్నాడు.

“వేసేద్దాం” అన్నాడు మేస్త్రీ. “పోయిన మనిషి ఎటూ తిరిగిరాదు.”

“రేపు నువ్వు పోయినా ఇదే కాగితం తెస్తాడు మేస్త్రీ. పేరు మార్చడమే వాడి పని” అంది తట్ట మోసే ముసలామె.

టిప్పర్ బాబాయి మూల కూర్చుని ఉన్నాడు. “వెనక చూసి చెప్పే మనిషి కావాలని నెల నుంచి మొత్తుకుంటున్నా. అద్దం చూసుకోవయ్యా అన్నాడు ఈలాయన. అద్దంలో ఆ పిల్ల కనపడలేదమ్మా...”

నేను జేబులోంచి రోడ్డు పని డ్రాయింగు తీసి సిమెంటు బస్తాల మీద పరిచాను. పని మొదలైనప్పుడు దుకాణానికొకటి పంచిన కాపీ అది. ఇన్నాళ్లూ అందులో నా దుకాణం గడి తప్ప ఇంకేమీ చూడలేదు. ఆ పూట అంతా చూశాను. జెండా మనిషి నిలబడేచోట సున్నా చుట్టారు. ఆ చివర రెండు, ఈ చివర రెండు. సందు మొగన డ్రమ్ములు అడ్డం, పక్కన అయిదో సున్నా. కింద కాంట్రాక్టరు సంతకం, ముద్ర.

“సందు దగ్గర డ్రమ్ములు తీయించింది నేను” అన్నాను. “గిరాకీ రాదని ఈలాయన్ని బతిమాలుకున్నా. డ్రమ్ములతోపాటు మనిషినీ తీసేశాడు. వాడికో కూలి మిగిలింది, నాకు గిరాకీ మిగిలింది.”

చిన్నకోడలు తలెత్తింది. “ఇప్పుడు చెప్తున్నావా షావుకారూ?”

“ఇప్పుడే తెలిసిందమ్మా. తెలుసుకోవాలని ఇన్నాళ్లూ అనుకోలేదు.”

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

“నీ ఏడుపు తర్వాత ఏడు. ఎవరెక్కడ నిలబడాలో చదువు.”

చదివాను. ఒక్కరూ వేలిముద్ర వెయ్యలేదు. మేస్త్రీ లేచి కాగితాన్ని కారు అద్దం సందులోంచి లోపల పడేశాడు.

మర్నాడు తెల్లారేసరికి అయిదు సున్నాల్లో అయిదుగురం. అక్క నిలబడ్డచోటికి చిన్నకోడలు వచ్చింది. నేను షట్టరు దించి, సందుకు డ్రమ్ములు అడ్డం దొర్లించి పక్కన నిలబడ్డాను. టిప్పర్ రివర్సు వేస్తే వెనక మనిషి. బండ్లు నత్తల్లా కదిలాయి. కాంక్రీటు బండ్లు కడుపులు తిప్పుకుంటూ ఎండలో వరస కట్టాయి. లోపలి సరుకు గట్టిపడుతోంది.

కాంట్రాక్టరు ఊగిపోతూ వచ్చాడు. “ఎవడ్రా మీకిలా చెప్పింది?”

“మీరే సార్” అన్నాడు మేస్త్రీ. “ఇదిగో సంతకం.”

పదకొండింటికి పోలీసు వ్యాను వచ్చి ఈ చివర ఆగింది. రాకపోకలకు ఆటంకం అన్నారు. మగవాళ్లం నలుగురినీ కాలర్లు పట్టి ఎక్కించారు. మమ్మల్ని ఎక్కిస్తుండగానే మా సున్నాల్లో వేరేవాళ్లు వచ్చి నిలబడ్డారు. నా చోట పక్క దుకాణం దర్జీ, మెడలో టేపు అలాగే ఉంది. ఆడపోలీసు రాలేదు గనక చిన్నకోడల్ని ముట్టలేదు.

స్టేషను ఆ చివర దాటాక ఉంది. వ్యాను కదిలి ఆమె ముందుకొచ్చింది. ఎర్ర జెండా అడ్డం పడింది.

“తియ్యి!” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “ఇది పోలీసు బండి.”

“అయితే మలుపులో బస్సు తప్పుకుంటుందా సార్? అటునుంచి బండ్లు వస్తున్నాయి. ఆగండి.”

“నిన్నూ లోపలేస్తాను!”

“వెయ్యండి. ముందు ఆగండి.”

ఈ చివర వరసలో ఆగిన బస్సులోంచి కండక్టరు దిగి ఆమె పక్కన నిలబడ్డాడు. తర్వాత ప్రయాణికులు, తట్టల ముసలామె, టీ కొట్టామె. ఇన్‌స్పెక్టరు అందరి మొహాలూ చూశాడు. వ్యాను డ్రైవరు కూడా చూశాడు. చూసి, ఇంజను ఆపేశాడు.