సలోమీ నర్సమ్మ బీరువా

నేను ఒక ఇనుప బీరువాను. విజయవాడలో రేకు కోసి, అతికించి, ఆకుపచ్చ రంగు కొట్టి నన్ను నిలబెట్టారు. చీరాలలో ఉండే సలోమీ నర్సు నన్ను కొనుక్కుంది. ఆమె పెళ్లి చేసుకోలేదు. చాలాకాలం ఆమె తెల్లచీరలకే కాపలా కాశాను.

ఒకరోజు ఆమె ఆస్పత్రి నుంచి ఒక పసిపిల్లను ఎత్తుకొచ్చింది. ఆ పిల్ల తల్లి కాన్పులో పోయింది. తండ్రి ఆడపిల్ల మొహం చూసి వెళ్లి మళ్లీ రాలేదు. పిల్లకు కెజియా అని పేరు పెట్టుకుంది సలోమీ. ఆమె కోర్టు నుంచి వచ్చిన సాయంత్రం అన్న ప్రకాశం మంచం మీద కూర్చుని అడిగాడు.

"దత్తత ఇచ్చేశారా?"

"మన క్రైస్తవులకి దత్తత చట్టం లేదంట అన్నయ్యా. గార్డియన్‌గా రాశారు. పద్దెనిమిదేళ్లు నిండేదాకా సాకే బాధ్యత నాది. కన్నబిడ్డతో సమానం మాత్రం కాదంట. నా తర్వాత ఈ ఇంటి మీద దానికి హక్కు రాదంట. వీలునామా రాసి పెట్టుకోమన్నాడు ప్లీడరు."

"మేమంతా లేమా? ఇప్పుడే ఎందుకే అవన్నీ."

సలోమీ ఆ మాట నమ్మింది. గౌను చిరిగితే ఆ పూటే కుట్టుకునే మనుషులు, తమ చావు సంగతి మాత్రం వచ్చే నెలకు వాయిదా వేస్తుంటారు.

నా అరల్లోకి గౌన్లు వచ్చాయి, తర్వాత ఓణీలు, చుడీదార్లు. పద్దెనిమిదో పుట్టినరోజుకి తల్లీకూతుళ్లు కేకు కోసుకున్నారు. ఆ రోజుతో కోర్టు రాసిచ్చిన బంధం తీరిపోయిందని ఇద్దరికీ గుర్తు లేదు.

కెజియా ఉద్యోగం వెతుక్కుంటున్న రోజుల్లో సలోమీ గుండె ఆగి పోయింది. పోయినవాళ్ల ఇంట్లో పెట్టే ప్రార్థన, ఆదరణ కూడిక, అయ్యాక, వారసుల విచారణకు తాసీల్దారు ఆఫీసు నుంచి వచ్చిన ఉద్యోగి నేనున్న గదిలోనే కూర్చున్నాడు.

"ఆవిడకి పిల్లలెవరన్నా ఉన్నారా?"

"లేరండి," అన్నాడు ప్రకాశం. "అన్నని నేనొక్కణ్ణే."

కెజియా అప్పుడే టీ తెచ్చింది.

"మరి ఈ అమ్మాయి?"

"మా చెల్లెలు సాకిందండి. గార్డియన్, అంతే. అదీ ఎప్పుడో అయిపోయింది."

"మావయ్యా, అమ్మ..." అంది కెజియా.

"తాళాలియ్యమ్మా," అన్నాడు ప్రకాశం మెత్తగా.

ఇచ్చింది. తన బట్టలు సర్దుకుంది. అమ్మ చీర ఒకటి చేతిలోకి తీసుకుని, ప్రకాశం వైపు చూసి, ఏమీ అడగకుండానే మళ్లీ నా అరలో పెట్టేసింది.

ఇల్లు అమ్ముడైంది. నేను పాత ఇనుము కొట్టుకు చేరాను. రేపో మాపో కరిగిస్తారు. కరిగాక నేను ఎవరి బీరువానో అడిగేవాడు ఉండడు. ఆ పిల్లను మాత్రం బతికినన్నాళ్లూ అడుగుతూనే ఉంటారు, ఎవరమ్మాయివని.