మూడు పత్తి గింజలు

నందికొట్కూరులో మదార్ సాహెబ్ విల్లు మీటితే బేతంచెర్లలో రైలు ఆగేది. అంత మోత మోగించిన దూదేకులవాడు ఆ తాలూకాలో ముందూ లేడు, వెనకా లేడు.

ఆ ఉదయం కూడా విల్లు మోగుతూనే ఉంది. వసారా దూలానికి వేలాడే విల్లు, దాని నారి కింద పత్తి కుప్ప. కొయ్యతో కొట్టినప్పుడల్లా పత్తి ఉలిక్కిపడి లేచి, నురుగులా విచ్చుకుని దిగుతోంది. మదార్ సాహెబ్ కనుబొమల మీద దూది, గడ్డంలో దూది, చెవి వెంట్రుకల మీద దూది. నలభై ఏళ్లుగా అదే దూది ఊపిరితిత్తుల్లోనూ పేరుకుంది. పది దెబ్బలకొకసారి ఆగి దగ్గాలి.

"సాలు, నిలుపు," అంది భార్య మాబీ, బొంత గలేబు కుడుతూ. "ఆ పిల్లోల్లు సలికి సచ్చేలోపల నువ్వే సచ్చేట్టుండావు."

"ఆడ సలి ఎట్లుంటాదో నీకేం తెలుసు? మంచు మోకాటి దాకా పడతాదంట."

"అందుకని నీ బొంత నడుము దాకా ఉండాదా?"

లండన్ మీద బాంబులు పడి పిల్లలు ఇల్లూ వాకిలీ లేకుండా అయిపోయారనీ, వాళ్లకు గుడ్డలూ దుప్పట్లూ పంపాలనీ తాలూకాలో దండోరా వేశారు. అందరూ బడిలో తెచ్చి ఇవ్వాలి. వచ్చినవాటిలో మెత్తనిదాన్ని మూట పైన పెడతారు. ఇచ్చినవాడి పేరు కర్నూలులో కలెక్టరు సభలో చదువుతారు. అది విన్నప్పటి నుంచి మదార్ సాహెబ్‌కు నిద్ర లేదు. లండన్ పిల్లల మీద దయ లేక కాదు. వలీ సాహెబ్ కూడా బొంత ఇస్తున్నాడని తెలిసింది.

వలీ ఆయన చెల్లెలు బషీరాబీ మొగుడు. అదే పని, పక్క వీధి. కరణం ఇంటి పరుపులు వలీకి, షావుకారు ఇంటి దిండ్లు వలీకి, ఇంటినిండా ఐదుగురు పిల్లలూ వలీకే. దగ్గు మాత్రం మదార్ సాహెబ్‌కు.

"మూలలో గింజలు పెడతావా?" అడిగింది మాబీ.

"ఇది పెండ్లికూతురు కప్పుకునేదా?"

మూడు పత్తి గింజల్ని ఎర్రదారంతో కట్టి బొంత మూలలో కుట్టేస్తే కడుపు పండుతుందని వాళ్ల అవ్వ చెప్పేది. మదార్ సాహెబ్ బతుకులో ఒక్కసారే పెట్టాడు, చెల్లెలి పెళ్లి బొంతలో. అప్పుడాయన కొట్టిన దెబ్బకు దూది మేఘంలా లేచేది.

"మన బొంతలో మాత్రం మర్చిపోతివి," అంది మాబీ. ఆ మాట ఇరవై ఏళ్లుగా అంటోంది. ఆయన కొయ్య తీసుకుని ఇంకొంచెం గట్టిగా కొట్టాడు.

మధ్యాహ్నానికి బొంత భుజాన వేసుకుని, నాలుగుచోట్ల నిలబడి దగ్గి, బడి చేరాడు. బడి వరండా ఒక చిన్న సంతలా ఉంది. కుచ్చుటోపీలు, పావడాలు, గిలక్కాయలు. బేతంచెర్ల నుంచి గోపన్న అనేవాడు నాపరాతి పలకలు పదహారు పంపాడు, పిల్లలు రాసుకోవడానికి. వాటిని ఏ ఓడ మోస్తుందో తేలక సుబ్బయ్య పంతులు తల పట్టుకుని కూర్చున్నాడు. పంతులే మదార్ సాహెబ్ పేరు చీటీ మీద రాసి తుమ్మముల్లుతో బొంతకు గుచ్చి, "సూస్తాండప్పా, తినొస్తా," అని ఇంటికి పోయాడు.

వలీ బొంత అక్కడే ఉంది, కొత్త గలేబుతో. మదార్ సాహెబ్ దాని మీద అరచెయ్యి ఆనించాడు. చెయ్యి మునిగింది. తీస్తే దూది నెమ్మదిగా పైకి వచ్చి చేతిని వదలలేక వదిలింది. తన బొంత మీద ఆనించాడు. అక్కడక్కడా గడ్డలు తగిలాయి.

ముళ్లు పీకాడు. చీటీలు మార్చాడు. చెప్పినంత సేపు కూడా పట్టలేదు.

అయినా మనసు ఊరుకోలేదు. వాడికింత మెత్తన ఎట్లా వచ్చింది? ముల్లుతోనే మూల కుట్లు రెండు విప్పి వేలు పెట్టాడు. దూది కంటే ముందు గట్టిగా ఏదో తగిలింది. బయటికి లాగితే ఎర్రదారం, మూడు పత్తి గింజలు.

ఇన్నాళ్లూ వలీని చూసి కుళ్లుకున్న మనిషి, ఇరవై రెండేళ్ల కిందటి తన చేతులను చూసి కుళ్లుకుంటూ బడి అరుగు మీద కూలబడ్డాడు.

"ఏం బావా, ఈడ కూసుంటివి?" వలీ వచ్చాడు, చంకలో పిల్లల పాత చొక్కాలతో.

"సెల్లెలి బొంత ఇచ్చేస్తివే."

"పెట్టెలో దాసి, కాన్పుకొకసారి తీసేది. ఇంగ కాన్పులు యాడుండాయి?" వలీ నవ్వాడు. "నేను ఏకింది ఇయ్యొచ్చు. మెత్తంది ఇయ్యమన్నారు గదా. నీ చేతిది ఇంట్లో పెట్టుకొని నాది ఇచ్చేదెట్లా?"

మదార్ సాహెబ్ ఏదో అనబోయాడు. దగ్గు వచ్చింది. చాలాసేపు వచ్చింది. వలీ వీపు రాశాడు, కుండలో నీళ్లు ముంచి ఇచ్చి, చొక్కాలు అప్పజెప్పి పోయాడు. అప్పుడు మదార్ సాహెబ్ రెండు గింజల్ని మళ్లీ దూదిలోకి తోశాడు, ఒకటి దారంతో సహా జేబులో వేసుకున్నాడు, మూల కుట్టాడు, చీటీలు ఎక్కడివక్కడ గుచ్చి ఇంటికి వచ్చాడు.

పొద్దు వాలేవేళ విల్లు పక్కన స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. మాబీ సంగటి తెచ్చేసరికి గడ్డంలోని దూది కదలడం లేదు. ఎప్పుడూ ఊపిరికి కదిలేది.

రైలు సంగతి అడుగుతారేమో. బేతంచెర్లలో రైలు ఎవరు మీటినా ఆగుతుంది, స్టేషను గదా. దాన్ని అబద్ధం అనకూడదు. నేను కల్పించింది ఒక్కటే: చీటీలు తిరిగి మార్చాడని. మార్చలేదు. కర్నూలు సభలో చదివింది మదార్ సాహెబ్ పేరే. వెనక వరసలో ఉన్న వలీ అది విని, సరిగ్గానే చదివారన్నట్టు తల ఊపాడు. మదార్ సాహెబ్ చివరిసారి ఏకిన గడ్డల బొంత వలీ పేరుతో ఓడెక్కింది.

చొక్కా జేబులో దొరికిన గింజ మాబీ దీపపు గూట్లో ఉంది, ఎర్రదారం ఇంకా విప్పలేదు.