ఎడమ పక్క బ్రేకు

మా ఆయనకు అబద్ధం చెప్పడం రాదు. అందుకని దాచాల్సింది ఏదైనా ఉంటే నోరు కట్టేసుకుని ఓ పని పెట్టుకుంటారు. ఈసారి పెట్టుకున్న పని, వెనక గదిలో మేకుకు వేలాడుతున్న పాత మౌంటెన్ సైకిలు. పెళ్లికి ముందు కొన్నది. చక్రాలు పోయి ఉక్కు ఫ్రేము మాత్రం మిగిలితే, ఇన్నేళ్లూ నేను దాని మీద తడిగుడ్డలు ఆరేశాను.

నెల తిరిగేసరికి దాని రూపమే మారిపోయింది. తుప్పుతో బిగుసుకుపోయిన సీటు గొట్టాన్ని మూడు రోజులు నూనె పోసి నానబెట్టి ఊడదీశారు. పాత రంగు గీకించి ముదురు ఆకుపచ్చ వేయించారు. కొత్త వెనక చక్రానికి పాత చోటు ఇరుకైతే, వెల్డింగు చేసే స్నేహితుడి చేత ఆ చోటు కాస్త వెడల్పు చేయించారు. పెడళ్ల దగ్గర గొలుసు తిరిగే పళ్ల చక్రాలు మూడూ తీసేసి ఒక్కటే పెట్టారు. అంతవరకూ నాకు ఏ అనుమానమూ లేదు. పాతదాన్ని కొత్తగా చేసి చూసుకోవాలన్న ముచ్చట మగవాళ్లకు సైకిళ్ల విషయంలోనే కలుగుతుంది.

అనుమానం హ్యాండిల్ దగ్గర మొదలైంది. ఆయన ఆరడుగుల మనిషి. బిగించిన హ్యాండిలేమో ఎత్తుగా, ఒంటికి దగ్గరగా ఉంది. సీటు బాగా కిందికి దిగింది. ఇది ఎవరి కొలత?

మా ఆడపడుచు చూసి నవ్వింది.

"నీకోసమేనేమో వదినా."

"నాకు సైకిలు రాదని మీ అన్నయ్యకు తెలుసుగా," అన్నాను.

ఆవిడ నవ్వు ఆపేసింది.

ఆవిడ వెళ్లాక బ్రేకు నొక్కి చూద్దామని కుడిచెయ్యి వేశాను. అక్కడేమీ లేదు. బ్రేకు, గేరు రెండూ ఎడమ పక్కనే. ఒకే బ్రేకు పిడికి రెండు వైర్లు కట్టి, ముందు చక్రం, వెనక చక్రం ఒకేసారి ఆగేలా అమర్చారు. ఎడమచేతి వాటం వాళ్ల కోసం చేసినట్టుంది.

ఆయన బట్టల దుకాణంలో కటింగ్ మాస్టరు. ముప్పై ఏళ్లుగా కోట్లు కత్తిరించే చెయ్యి ఆయనది. అక్కడే గుండీల కాజాలు కుట్టే ఆవిడ ఒకతె ఉంది. పొట్టి మనిషి. ఎడమచేతి వాటం.

మర్నాడు ఆయన పనిముట్ల పెట్టె తీశాను. అడుగున, గుడ్డలో చుట్టిన కొత్త కత్తెర. వేళ్లు దూర్చి చూస్తే నా కుడిచేతికి అమరలేదు. ఎడమచేతి వాళ్లు వాడేది. సైకిలొకటి చాలదన్నమాట.

నిలదీస్తే నోరు విప్పరని తెలుసు. ఆదివారం బజారుకని చెప్పి, సంచి పట్టుకుని గేటు దాకా వెళ్లి, పిల్లిలా వెనక్కొచ్చాను.

వెనక గదిలో ఆయనొక్కరే ఉన్నారు. నేల మీద పాత పేపరు పరిచి, సుద్దతో కోటు భుజం మలుపు గీసుకుని, ఎడమచేత్తో కత్తిరిస్తున్నారు. కళ్లు మూసుకుని కత్తిరించినా గీత తప్పని మనిషి. ఆ పేపరు ఎలక కొరికినట్టుంది. కుడిచెయ్యి ఎవరో మర్చిపోయి వెళ్లిన వస్తువులా ఒళ్లో పడి ఉంది. ఈ మధ్య సీసాల మూతలన్నీ నేనే తీస్తున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

ఆయన ఉలిక్కిపడి కత్తెర వెనక్కి పెట్టుకున్నారు. తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పారు. మూడు నెలలైందట, కుడిచేతి వేళ్లు సరిగ్గా ముడుచుకోవడం లేదట, రోజురోజుకీ ఎక్కువవుతోందట. బస్సులో కడ్డీ పట్టుకోలేక సైకిలు తలపెట్టారట. చేతి మీద బరువు పడకుండా హ్యాండిలు ఎత్తు, పట్టు తప్పితే కాళ్లు నేలకు ఆనేలా సీటు కిందికి. కత్తెర ఎక్కడ దొరుకుతుందో చెప్పింది కాజాల ఆవిడేనట. యజమానికి తెలిస్తే కటింగు బల్ల ఇంకొకరికి ఇచ్చేస్తారు. డాక్టరు దగ్గరికి వెళ్తే అందరికీ తెలిసిపోతుందని వెళ్లలేదు.

"ఆవిడకు చెప్పారు, నాకు చెప్పలేదు," అన్నాను.

"నీకు చెబితే నిజమైపోతుంది."

నేను వంగి ఆ కత్తెర తీసి గుడ్డలో చుట్టాను.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"దుకాణంలో ఏం చెప్పను?"

"నాకు జ్వరమని నేను ఫోన్ చేస్తాను. మీకు చేతకాదు."

ఆయన పేపరు ముక్కలు ఏరుతూ తలెత్తారు.

"బజారుకు వెళ్లలేదేం?"

"సంచి మర్చిపోయి వెనక్కొచ్చాను."

ఆయన నా చేతిలోని సంచి వంక చూశారు.